పద్నాలుగు నెలల పాపకు నీళ్ల విరేచనాలు: పాలు ఆపాలా, మందు వెయ్యాలా, సెలైన్ పెట్టించాలా?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. పాపకు 14 నెలలు, బరువు తొమ్మిదిన్నర కిలోలు. నిన్న పొద్దుటి నుంచి ఏడెనిమిది సార్లు నీళ్లలా విరేచనాలు, రెండు వాంతులు. ఒళ్లు కొంచెం వెచ్చగా ఉంది. పళ్లు వస్తున్నాయి కాబట్టే ఇదంతా, రెండు రోజులు పాలు మాన్పించమని అత్తగారు అంటున్నారు. మెడికల్ షాపులో మోషన్స్ ఆగడానికని ఒక సిరప్, తాగించడానికి ఆరెంజ్ రుచి ఉన్న ప్యాకెట్ డ్రింకు ఇచ్చారు. పాప ఆ డ్రింకు ఇష్టంగానే తాగుతోంది గానీ, తాగిన కొద్దీ మోషన్స్ ఎక్కువయ్యాయి. సెలైన్ పెట్టిస్తే త్వరగా తగ్గుతుందా అని మీ ప్రశ్న.

జవాబు ముందే చెప్పేస్తాను. పాలు ఆపకండి. ఆ సిరప్ వెయ్యకండి. ఆ డ్రింకు ఇక పట్టకండి. లీటరు నీళ్లలో కలిపే ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ తెచ్చి, కలిపి, చెంచాతో పట్టండి. జింక్ మొదలుపెట్టండి. పాప మెలకువగా ఉండి మిమ్మల్ని చూస్తూ, ఏడిస్తే కన్నీళ్లు వస్తూ, మామూలుగా ఉచ్చ పోస్తూ ఉంటే సెలైన్ అక్కర్లేదు. అలా లేకపోతే మాత్రం మిగతాది దారిలో చదువుకోవచ్చు, ముందు ఆస్పత్రికి బయల్దేరండి.

నేను డాక్టర్ని కాను. పిల్లల వార్డులో 26 ఏళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. మా వార్డులో తలుపు పక్కనే ఒక బల్ల, దాని మీద లీటరు కొలత జగ్గు, మూత ఉన్న స్టీలు గిన్నె, చెంచాలు ఉండేవి. ఓఆర్‌టీ కార్నర్ అనేవాళ్లం, అంటే పిల్లలకు నోటి ద్వారా ఓఆర్ఎస్ పట్టే చోటు. వర్షాలు మొదలయ్యాక కొన్ని రోజులు డ్యూటీ అంతా ఆ బల్ల దగ్గరే గడిచేది. కాబట్టి ఈ ఒక్క విషయంలో కాస్త ధైర్యంగా మాట్లాడగలను.

ఎప్పుడు ఆగకుండా వెళ్లాలి

ఇది ముందు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కళ్లు లోపలికి పోయినట్టు కనిపించినా, ఏడుస్తున్నా కన్నీళ్లు రాకపోయినా, నాలుక పొడిబారినా, ఆరు గంటలు దాటినా ఉచ్చ పోయకపోయినా వెళ్లాలి. పిల్ల మగతగా పడి ఉండి లేపితే లేవకపోయినా, చెంచా నోటి దగ్గర పెట్టినా మింగలేకపోయినా, ఫిట్స్ వచ్చినా ఒక్క నిమిషం కూడా ఆగకూడదు. విరేచనంలో రక్తం పడితే, వాంతి ఆకుపచ్చగా వస్తే, పొట్ట ఉబ్బి గట్టిపడితే, చెంచాతో నెమ్మదిగా పట్టినా ప్రతిదీ కక్కేస్తుంటే, జ్వరం 102 దాటితే అప్పుడు కూడా అంతే. ఆరు నెలల లోపు పిల్లలకైతే ఇవేవీ లేకపోయినా అదే రోజు డాక్టరుకు చూపించడం మంచిది. మూడు నెలలలోపు బిడ్డకు 100.4 జ్వరం వచ్చినా ఆస్పత్రి కేసే.

ఒక చిన్న పరీక్ష మీరే చేసుకోవచ్చు. పాపను వెల్లకిలా పడుకోబెట్టి, బొడ్డుకీ పక్కకీ మధ్య పొట్ట చర్మాన్ని రెండు వేళ్లతో పైకి పట్టి వదలండి. వెంటనే సర్దుకుంటే మంచిదే. మడత అలాగే నిలిచి మెల్లగా, రెండు సెకన్ల పైన తీసుకుని వెనక్కి వెళ్తే ఒంట్లో నీళ్లు బాగా పోయాయని అర్థం. మీ పాపకు నడినెత్తి మీద మాడు ఇంకా పూర్తిగా పూడి ఉండకపోవచ్చు, అలా అయితే అదీ చూడండి. మాడు గుంటపడటం పెద్దవాళ్లు బాగానే కనిపెడతారు. అయితే మాడు పడిందని ఆముదం అద్ది కూర్చుంటారు, అక్కడే వస్తుంది చిక్కు. మాడు పడటం వేరే జబ్బు కాదు. నీళ్లు తగ్గాయని ఒళ్లు చెబుతున్న సంగతి. ఆముదం పెట్టుకోండి, కాదనను, కానీ ఆస్పత్రికి వెళ్తూ దారిలో పెట్టుకోండి.

ఇంకొకటి అరుదుగా వస్తుంది గానీ చెప్పాలి. పిల్ల ఉన్నట్టుండి కాళ్లు పొట్టలోకి ముడుచుకుని కెవ్వున ఏడవడం, కాసేపు వాడిపోయి ఊరుకోవడం, పావుగంటకో ఇరవై నిమిషాలకో మళ్లీ అదే ఏడుపు. తర్వాత విరేచనం ఎర్రటి జెల్లీలా రావడం. అది పేగు పేగులోకి దూరిపోవడం. దానికి ఓఆర్ఎస్ పనిచేయదు, సర్జన్ ఉన్న ఆస్పత్రికి పరుగెత్తాలి.

విరేచనం ఆపడం మన పని కాదు

అందరూ పొరపాటు పడేది ఇక్కడే. ఇంట్లో విరేచనాలు లెక్కపెడుతుంటారు. ఎనిమిదయ్యాయి, తొమ్మిదయ్యాయి, ఎలాగైనా ఆపాలి అని టెన్షన్. చిన్నపిల్లల్లో ఈ నీళ్ల విరేచనాలు ఎక్కువగా వైరస్ వల్ల వస్తాయి. మూడు రోజుల నుంచి వారం దాకా ఉండి వాటంతటవే పోతాయి. విరేచనం వల్ల పిల్ల ప్రాణానికి ముప్పు లేదు, దాంతో పోయే నీళ్లూ ఉప్పుల వల్లే ముప్పు. అవి ఎన్ని పోతున్నాయో అన్ని లోపలికి పంపిస్తే, రోజుకు పది విరేచనాలైనా పిల్ల ఆడుకుంటూనే ఉంటుంది. పంపకపోతే ఆరింటికే వేలాడిపోతుంది.

అందుకే వార్డులో తల్లులకు నేను ఒకటే చెప్పేదాన్ని. విరేచనాలు కాదమ్మా, ఉచ్చ లెక్కపెట్టండి. డైపర్ వేస్తే నీళ్ల విరేచనంలో ఉచ్చ కలిసిపోయి ఏదేదో తెలియదు. ఈ రెండు మూడు రోజులు ఇంట్లో ఉన్నంతసేపు డైపర్ తీసేసి, పాత కాటన్ చీర మడతలు వేసి దాని మీద పడుకోబెట్టండి. ఉతుకుడు ఎక్కువవుతుంది, నిజమే. కానీ ఉచ్చ పోసిందీ లేనిదీ, అది లేత రంగులో ఉందా ముదురు పసుపులో ఉందా కంటికి కనిపిస్తుంది. పిర్రలు ఎర్రగా ఒరుసుకుపోకుండా ఉండటానికి కూడా అదే మంచిది. వైప్స్ వద్దు, నీళ్లతో కడిగి, మెత్తగా అద్ది, కొబ్బరి నూనె రాయండి.

ఇక మెడికల్ షాపు సిరప్. దాని పేరు మీరు రాయలేదు. మోషన్స్ ఆపే మందు అంటే చాలావరకు పేగుల కదలికను ఆపేసే మందు. లోపెరమైడ్ అనేది అలాంటిదే, చిన్నపిల్లలకు అస్సలు ఇవ్వకూడదు. కదలిక ఆగితే విరేచనం బయటికి రాదు గానీ, నీళ్లు పేగులోకి దిగుతూనే ఉంటాయి. బయటికి కనపడదు కాబట్టి తగ్గిందనుకుంటాం. ఒకసారి ఏడాదిన్నర బాబును తీసుకొచ్చారు. 'నిన్న సాయంత్రం నుంచి ఒక్క మోషన్ కూడా కాలేదండీ, కానీ పిల్లాడు ఎందుకో డల్‌గా ఉన్నాడు' అన్నాడు తండ్రి. పొట్ట డోలులా ఉంది, చెయ్యి వేస్తే పిల్లాడు మూలిగాడు. చొక్కా జేబులోంచి పెద్దవాళ్లు వేసుకునే మాత్రల స్ట్రిప్పు తీశాడు. షాపులో సగం మాత్ర నూరి వెయ్యమన్నారట. బాబు నాలుగు రోజులు వార్డులో ఉండి కోలుకుని వెళ్లాడు. ఆ తండ్రి చదువు లేనివాడేమీ కాదు, ఉద్యోగస్తుడే.

ఒకవేళ మీకు ఇచ్చింది యాంటీబయాటిక్ సిరప్ అయితే, రక్తం లేని నీళ్ల విరేచనానికి దాని అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు. వైరస్‌కు అది పనిచేయదు, పైగా కొన్నిసార్లు అదే విరేచనాలు పెంచుతుంది. రక్తం పడుతుంటే సంగతి వేరు, అప్పుడు డాక్టరు చూసి రాస్తారు.

ఆ ఆరెంజ్ డ్రింకు ఎందుకు వద్దంటున్నానంటే

మామిడికాయ ముక్కల్లో ఉప్పు వేసి జాడీలో పెడితే తెల్లారేసరికి ముక్క నీరు వదిలి జాడీ ఊరిపోతుంది కదా. మరీ తియ్యటి నీళ్లు పేగులోకి వెళ్తే జరిగేదీ అలాంటిదే. ఒంట్లో నీళ్లను పేగులోకి లాగుతుంది. అందుకే మీ పాప ఇష్టంగా తాగేకొద్దీ మోషన్స్ ఎక్కువయ్యాయి. కూల్‌డ్రింకు, డబ్బా జ్యూసు, గ్లూకోజ్ పొడి కలిపిన నీళ్లు, అన్నీ ఈ జాతివే.

అసలైన ఓఆర్ఎస్‌లో చక్కెర ఉంటుంది, కానీ లెక్కగా ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం లీటరు నీళ్లకు గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9 గ్రాములు. 2002 నుంచి ఇదే లెక్క. పేగు గోడ మామూలు నీళ్లను విరేచనాలప్పుడు సరిగా పీల్చుకోలేదు. సోడియం, గ్లూకోజ్ రెండూ జంటగా వెళ్లే దారి మాత్రం అప్పుడు కూడా పాడవకుండా ఉంటుంది. అవి లోపలికి వెళ్తూ నీళ్లను వెంట తీసుకుపోతాయి. జంటలో ఒకటి మరీ ఎక్కువైనా పని చెడుతుంది. చక్కెర ఎక్కువైతే మామిడికాయ కథ, ఉప్పు ఎక్కువైతే ఇంకా ప్రమాదం.

షాపుల్లో ఓఆర్ఎస్ అని పెద్దక్షరాలతో రాసుకుని, వెనకాల చిన్నక్షరాలతో ఇది వైద్యానికి కాదు అని రాసుకున్న డ్రింకులు ఎన్నో ఏళ్లు అమ్మారు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశం ఇచ్చింది, ఆహార పానీయాల పేర్లలో, లేబుళ్ల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని. అయినా షాపులో 'ఓఆర్ఎస్ ఇవ్వండి' అంటే ఏది చేతికి దొరికితే అది ఇచ్చే అలవాటు ఇంకా ఉంది. కాబట్టి పేరు చూడకండి. ప్యాకెట్ వెనక ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని, కింద ఆ నాలుగు దినుసుల లెక్క ఉందో లేదో చూడండి. పీహెచ్‌సీలో, ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా ఇచ్చే ప్యాకెట్ సరిగ్గా ఆ లెక్కదే. రంగూ రుచీ ఉండవు, అది దాని తప్పు కాదు.

కలపడం

ఇక్కడ కాస్త ఓపిగ్గా చదవండి, ఎందుకంటే నేను చూసిన అన్నింటికన్నా పెద్ద పొరపాటు ఇక్కడే జరుగుతుంది.

ఒక తాతగారు ఉండేవారు. మనవరాలికి విరేచనాలైతే ఓఆర్ఎస్ ప్యాకెట్ తెచ్చారు. లీటరు కలిపితే పిల్ల అంత తాగదు, వృథా అవుతుందని గ్లాసుడు నీళ్లలో మొత్తం ప్యాకెట్ వేసి పట్టారు. రెండు పూటలు. పిల్ల దాహం దాహం అని ఏడుస్తుంటే మళ్లీ అదే కలిపి పట్టారు. వార్డుకు వచ్చేసరికి పిల్లకు ఫిట్స్. రక్తంలో ఉప్పు పెరిగిపోయింది, దాన్ని మెల్లగా దించడానికి డాక్టర్లు మూడు రోజులు తంటాలు పడ్డారు. పిల్ల బాగైంది. తాతగారు మాత్రం ఆ మూడు రోజులూ వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని, నేను కనపడిన ప్రతిసారీ 'మంచిదే కదమ్మా పట్టాను' అనేవారు. ఆయన్ని ఏమనగలం. ప్యాకెట్ మీద లీటరు అని ఉంది గానీ, ఎవరూ నోటితో చెప్పలేదు.

పెద్ద ప్యాకెట్ అంటే సుమారు 21 గ్రాములు, లీటరు నీళ్లకు. చిన్నది నాలుగు గ్రాముల పైచిలుకు, 200 మిల్లీలీటర్లకు. ఏది కొన్నారో దాని మీద రాసిన నీళ్లలోనే మొత్తం ప్యాకెట్ ఒకేసారి వెయ్యాలి. గ్లాసుకు చెంచాడు చొప్పున వేసుకోవడం కుదరదు, పొడిలో ఉప్పులూ గ్లూకోజూ అన్నిచోట్లా సమానంగా ఉండకపోవచ్చు. లీటరు కొలత ఇంట్లో లేకపోతే లీటరు నీళ్ల సీసా నిండా కాచి చల్లార్చిన నీళ్లు కొలిచి, శుభ్రమైన గిన్నెలోకి వంపి, అందులో ప్యాకెట్ కలపండి. కలిపాక కాచకూడదు. పంచదార, పాలు, జ్యూసు కలపకూడదు. మూత పెట్టి ఉంచి, 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపండి. సగం లీటరు పారబోశామే అని బాధపడకండి, ప్యాకెట్ ఖరీదు ఎంతని.

రాత్రివేళ షాపు లేక, ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు ఆరు టీచెంచాల పంచదార, అర టీచెంచా ఉప్పు. రెండూ తల కొట్టిన చెంచాలే, గుట్టగా కాదు. మీరు రుచి చూసి, కన్నీళ్ల కన్నా ఉప్పగా ఉంటే పారబోయండి. ఇది తెల్లారేదాకా గడుపుకోవడానికే.

పట్టడం

సీసాలో పోసి పట్టొద్దు. గ్లాసుతో గటగటా వద్దు. పాల సీసా విరేచనాలు తెచ్చిపెట్టే వస్తువుల్లో మొదటిది, దాని నిపుల్ లోపలి జిడ్డు ఎంత కడిగినా పోదు. ఇంకో సంగతి, దాహంతో ఉన్న పిల్ల సీసా అందితే ఒక్క ఊపులో లాగేస్తుంది, పొట్ట నిండగానే మొత్తం కక్కేస్తుంది. అప్పుడు ఇంట్లోవాళ్లు 'ఓఆర్ఎస్ పడట్లేదు' అని తేల్చేస్తారు.

నాకు బాగా గుర్తున్నది ఒక రాత్రి డ్యూటీ. పదకొండు నెలల బాబు, సెలైన్ పెడదామంటే నరం దొరకడం లేదు. రెండు చేతులూ, కాళ్లూ చూశాం, పిల్లాడు ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లుతున్నాడు. డ్యూటీ డాక్టరు ఇంకో సీనియర్‌కు ఫోన్ చేస్తుండగా, మూల కూర్చున్న అమ్మమ్మ సంచిలోంచి ఉగ్గుగిన్నె తీసింది. వెండిది, ముక్కు కొంచెం సొట్టపోయి ఉంది. 'ఆ నీళ్లేవో ఇటివ్వమ్మా' అంది. పిల్లాణ్ణి ఒళ్లో వేసుకుని, తల కొంచెం పైకెత్తి, పెదవి మూలన గిన్నె ముక్కు ఆనించి చుక్క చుక్కగా వదలడం మొదలుపెట్టింది. వాడు మింగేదాకా ఆగడం, మళ్లీ వదలడం. నేను పక్కన నిలబడి గడియారం చూశాను. నిమిషానికి ఒక చెంచాడు పైనే వెళ్తోంది. నిమిషానికి ఐదు మిల్లీలీటర్లంటే గంటకు 300. సెలైన్ బాటిల్ కూడా అంతకన్నా వేగంగా ఏం పోస్తుంది! తెల్లవారుజామున మూడున్నరకు వాడు ఆవిడ చీర తడిపాడు. ఆ తడి కొంగు నాకు చూపించి నవ్విన మొహం ఇప్పటికీ కళ్లముందే ఉంది.

మీ పాపకు లెక్క ఇదీ. రెండేళ్లలోపు పిల్లలకు ప్రతి నీళ్ల విరేచనం తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంటే ఐదు మిల్లీలీటర్ల చెంచాతో పది నుంచి ఇరవై చెంచాలు. నిమిషానికో రెండు నిమిషాలకో ఒకటి చొప్పున. రెండేళ్లు దాటినవాళ్లకు 100 నుంచి 200. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, మళ్లీ మొదలుపెట్టండి, ఈసారి రెండు మూడు నిమిషాలకొక చెంచా. వాంతి అయినా కొంత లోపలే ఉంటుంది, అంతా పోయిందని దిగులు పడకండి. ఇప్పటికే కొంచెం నీరు తగ్గిన పిల్లకు ఆస్పత్రిలో కిలోకు 75 మిల్లీలీటర్ల లెక్కన నాలుగు గంటల్లో పట్టిస్తాం, మీ పాప బరువుకు సుమారు 700. అది మాత్రం డాక్టరో నర్సో చూస్తుండగా చెయ్యాల్సిన పని, ఇంట్లో కాదు.

పాప ఉమ్మేస్తుందా? నీళ్లు తగ్గని పిల్లకు ఓఆర్ఎస్ ఉప్పగా, చప్పగా అనిపిస్తుంది, నాలుకతో తోసేస్తుంది. నిజంగా ఒంట్లో నీళ్లు తగ్గిన పిల్ల చెంచా కోసం ఎగబడుతుంది. అందుకని కాస్త మొరాయిస్తుంటే లోలోపల సంతోషించండి, కానీ పట్టడం మానొద్దు. సూది లేని సిరంజీతో బుగ్గ లోపలి వైపుకు కొంచెం కొంచెం వదలండి. చల్లగా చేసి పట్టండి. మా మనవరాలికి వచ్చినప్పుడు మాత్రం 26 ఏళ్ల అనుభవం ఏమైందో తెలీదు, అరగంటలో చెంచా విసుగుపుట్టి గ్లాసుతో పట్టేశాను. నా చీర మీదే కక్కింది.

సెలైన్ గురించి

సెలైన్ పెడితేనే వైద్యం జరిగినట్టు మనవాళ్లకు అనిపిస్తుంది, తెలుసు. మింగగలిగే పిల్లకు, మరీ వాడిపోని పిల్లకు ఓఆర్ఎస్ సెలైన్‌తో సమానంగా పనిచేస్తుంది, సూది నొప్పి లేదు. షాక్‌లోకి వెళ్లిన పిల్లకు, మింగలేని పిల్లకు సెలైన్ కావాలి, అప్పుడు దానికి సాటి లేదు.

ఓఆర్ఎస్ సత్తా ప్రపంచానికి తెలిసింది మన పక్క రాష్ట్రాల దగ్గర్లోనే. 1971లో బంగ్లాదేశ్ యుద్ధమప్పుడు బెంగాల్ సరిహద్దులో బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా. సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనోబిస్ అనే పిల్లల డాక్టరు ఉప్పు, గ్లూకోజ్, వంటసోడా కలిపిన నీళ్లు డ్రమ్ముల్లో పెట్టించి, రోగుల బంధువులే పట్టేలా చేశారు. నూటికి ముప్పై దాకా ఉన్న చావులు నాలుగు లోపుకి దిగాయి. అక్కడ పట్టింది నర్సులు కారు, తల్లులూ అక్కలూ. ఆయన 2022లో పోయారు, 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

అత్తగారి మాట

పళ్లు వస్తే విరేచనాలవుతాయని మా అమ్మా అనేది. ఆ వయసుకు పిల్లలు పాకుతారు, దొరికిందల్లా నోట్లో పెట్టుకుంటారు, బయటి తిండి మొదలవుతుంది, తల్లి నుంచి వచ్చిన రక్షణ తగ్గుతుంది. పళ్లూ అప్పుడే వస్తాయి. రెండూ ఒకేసారి కనపడతాయి కాబట్టి ముడిపెట్టేశారు. పళ్లవే అనుకుని ఊరుకుంటే అసలు చెయ్యాల్సింది చెయ్యం, దాని చెడంతా అదే.

పాలు ఆపడం మాత్రం వద్దే వద్దు. లంఖణం పరమౌషధం అనే మాట పెద్దవాళ్ల అజీర్తికి పనికొస్తుందేమో, ఏడాది పిల్లకు కాదు. తల్లిపాలు ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు ఇవ్వండి, మామూలు కన్నా ఎక్కువసార్లు. గేదెపాలో ప్యాకెట్ పాలో అలవాటుంటే నీళ్లు కలిపి పల్చన చెయ్యకండి. తిండి కూడా ఆపొద్దు. పెసరపప్పు కిచిడీ మెత్తగా, పెరుగన్నం, ఇడ్లీ, అరటిపండు, ఒక చెంచా నెయ్యి వేసి. కొంచెం కొంచెంగా, ఎక్కువసార్లు. ఉప్పేసిన గంజి, పల్చటి మజ్జిగ, కొబ్బరి నీళ్లు మధ్యమధ్యలో మంచివే, కానీ అవి ఓఆర్ఎస్ బదులు కాదు, దానికి తోడు. సగ్గుబియ్యం జావ పట్టాలనిపిస్తే పట్టండి, కానీ రోజంతా అదే పట్టి అన్నం మాన్పించకండి, అందులో బలం లేదు. తగ్గాక రెండు వారాలు రోజుకు ఒక పూట తిండి అదనంగా పెడితే తగ్గిన బరువు తిరిగి వస్తుంది.

అత్తగారితో గొడవ పెట్టుకోవద్దు. దిష్టి తియ్యనివ్వండి, ఆవిడ తీస్తున్నంతసేపు మీరు చెంచా పట్టండి. వీలైతే చెంచా ఆవిడ చేతికే ఇవ్వండి. అంత ఓపిగ్గా పట్టేది వాళ్లే, ఇందాక చెప్పాను కదా ఉగ్గుగిన్నె అమ్మమ్మ సంగతి.

జింక్

దీన్ని చాలామంది రెండు రోజులు వేసి మానేస్తారు. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, రెండు నుంచి ఆరు నెలల వాళ్లకు 10, మొత్తం 14 రోజులు, విరేచనాలు తగ్గిపోయినా సరే. ఈసారి త్వరగా తగ్గుతుంది, వచ్చే రెండు మూడు నెలల్లో మళ్లీ రావడమూ తగ్గుతుంది. పీహెచ్‌సీలో, ఆశా దగ్గర ఇచ్చే మాత్ర చెంచాడు నీళ్లలోనో తల్లిపాలలోనో వేస్తే కరిగిపోతుంది. లోహం రుచి వస్తుంది కాబట్టి ఖాళీ కడుపుతో కాకుండా ఏదైనా తిన్నాక పట్టండి. సిరప్ కొంటే సీసా మీద ఐదు మిల్లీలీటర్లకు ఎంత ఉందో చూడండి, ఒక్కో కంపెనీది ఒక్కోలా ఉంటుంది, లెక్క డాక్టరుతోనో ఏఎన్ఎంతోనో సరిచూసుకోండి.

మళ్లీ రాకుండా

ఇది క్లుప్తంగా. పాపకు తినిపించేముందు, విరేచనం కడిగిన తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి, మీరే కాదు, ఎత్తుకునే అందరూ. శానిటైజర్ దానికి సాటి రాదు. బబుల్ క్యాన్ నీళ్లు శుభ్రమని నమ్మకండి, క్యాన్ ఎప్పుడు కడిగారో ఎవరికీ తెలీదు, పాప తాగే నీళ్లు తెర్లేదాకా మరిగించి చల్లార్చండి. పాల సీసా ఇంట్లో ఉంటే ఇదే సందు చూసుకుని మాన్పించండి.

టీకా కార్డు ఒకసారి తీసి చూడండి. రోటావైరస్ చుక్కలు ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేస్తారు. మన ప్రభుత్వ కార్యక్రమంలో 2016లో మొదలైనప్పుడు తొలి నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పుడు వేసిన టీకా తయారైంది హైదరాబాద్‌లోనే, భారత్ బయోటెక్‌లో. మీ పాపకు ఆ వయసు దాటిపోయింది, వేయించి ఉంటే మంచిది. చుక్కలు పడ్డ పిల్లకు విరేచనాలు అసలు రావని కాదు, ప్రాణం మీదికి వచ్చేంతవి తగ్గుతాయి. తొమ్మిది నెలల తట్టు టీకా కూడా పడిందో లేదో చూడండి, తట్టు తర్వాత వచ్చే విరేచనాలు పిల్లల్ని బాగా దెబ్బతీస్తాయి.

మీరు రాసినదాంట్లో ఒక్క విషయం లేదు. నిన్న రాత్రి నుంచి పాప ఎన్నిసార్లు ఉచ్చ పోసింది? చివరిసారి ఎప్పుడు? గుర్తు లేకపోతే ఇప్పుడే డైపర్ తీసి పాత గుడ్డ మీద పడుకోబెట్టి, పక్కన కాగితం పెట్టుకుని టైము రాయడం మొదలుపెట్టండి. ఆరు గంటలు ఖాళీగా కనపడితే రాత్రయినా సరే ఆస్పత్రికి వెళ్లండి, దారి పొడుగునా చెంచా ఆపకండి. గుడ్డ తడుస్తూ ఉంటే రేపు పొద్దున ఆ కాగితంలో ఉన్నది ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.